పాత సీడీలు, డీవీడీలు పారేసే ముందు: వాటిలోని సమాచారం ఇంకెవరి చేతికీ చిక్కకుండా చేయడం ఎలా?

సీడీని రెండు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేస్తే పనైపోయిందని చాలామంది అనుకుంటారు. ఇంకొందరు మెరిసే వైపు మేకుతో నాలుగు గీతలు గీసి ఊరుకుంటారు. రెండో పద్ధతి సీడీ విషయంలో దాదాపు దండగ. మొదటిది కాస్త నయమే గానీ పూర్తిగా సరిపోదు. డిస్కులో సమాచారం ఏ పొరలో ఉందో తెలిస్తే ఎక్కడ కోయాలో, ఎక్కడ గీకాలో దానంతటదే తేలిపోతుంది.

ఇంట్లో బీరువా అడుగున పడి ఉన్న డిస్కులు ఒకసారి బయటికి తీసి చూడండి. స్కానింగ్ సెంటర్ ఇచ్చిన ఎంఆర్ఐ సీడీ మీద పేషెంటు పేరు, వయసు, ఐడీ నంబరు ఉంటాయి. ఆడిటర్ ఆఫీసు నుంచి వచ్చిన ఐటీ రిటర్నుల సీడీ ఉంటుంది. పదిహేనేళ్ల కిందట ఫొటోలతో పాటు పాస్‌పోర్టు, పాన్ కార్డు, టెన్త్ మెమో స్కాన్ చేసి రాయించుకున్న బ్యాకప్ డీవీడీలూ ఉంటాయి. ఇవి పాత సామాన్లు కొనేవాడి సంచిలోకి చెక్కుచెదరకుండా వెళ్లిపోవడమే అసలు ప్రమాదం.

సమాచారం ఏ పొరలో ఉంటుంది?

సీడీ, డీవీడీ, బ్లూ-రే మూడూ 12 సెం.మీ. వ్యాసం, 1.2 మి.మీ. మందం ఉన్న పాలీకార్బొనేట్ పళ్లేలే. పైకి ఒకేలా కనిపిస్తాయి. తేడా అంతా లోపలే.

సీడీలో సమాచారం లేబుల్ వైపు ఉంటుంది. మెరిసే వైపు కనిపించేదంతా 1.2 మి.మీ. ప్లాస్టిక్కు. లేజర్ కిరణం ఆ మందం దాటి లోపలికి వెళ్లి, రంగు పొరను, దాని వెనకున్న అద్దంలాంటి లోహపు పూతను చదువుతుంది. ఆ పూత మీద ఉండేది కొన్ని మైక్రాన్ల లక్క, దానిపైన లేబుల్ సిరా, అంతే. అందుకే లేబుల్ వైపు గోరుతో గట్టిగా గీకినా సీడీ చెడిపోవచ్చు. మెరిసే వైపు పడ్డ గీతలనైతే పాలిష్ చేసి పోగొట్టొచ్చు.

డీవీడీ అలా కాదు. 0.6 మి.మీ. పళ్లేలు రెండింటిని జిగురుతో అతికిస్తారు, సమాచారం వాటి నడుమ ఉంటుంది. అంటే ఏ వైపు గీకినా అరమిల్లీమీటరుకు పైగా ప్లాస్టిక్కు అడ్డం. సీడీకి పనికొచ్చే లేబుల్ గీకుడు డీవీడీ మీద పనిచేయదు.

బ్లూ-రేలో సమాచారం మెరిసే వైపే, పైనుంచి 0.1 మి.మీ. లోతులోనే ఉంటుంది. సీడీకి ఇది పూర్తిగా తిరగేసిన వ్యవహారం. అయితే దాని ఉపరితలానికి గట్టి పూత వేస్తారు కాబట్టి మామూలు గీతలకు లొంగదు.

గీతల గురించి ఇంకో సంగతి. సీడీలో తప్పులు సరిదిద్దే ఏర్పాటు ముందే ఉంటుంది. ట్రాక్ వెంబడి సుమారు 2.5 మి.మీ. మేర సమాచారం పోయినా డ్రైవు దాన్ని తిరిగి లెక్కగట్టుకుంటుంది. మధ్య నుంచి అంచు వైపు నిలువుగా గీసిన గీత ప్రతి ట్రాక్‌లోనూ గీత వెడల్పంత మేర మాత్రమే తగులుతుంది. కనుక అలాంటివి పది గీసినా డిస్కు హాయిగా చదివేస్తుంది. సీడీని తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకు తుడవమనేది కూడా ఇందుకే.

రాయడం లోపలి నుంచి బయటికి జరుగుతుంది. మధ్య బిందువు నుంచి 2.3 సెం.మీ. దగ్గర మొదలై, ఎంత రాస్తే అంత అంచు వైపు పాకుతుంది. ట్యూబులైటు కింద డిస్కును కాస్త వంచి పట్టుకుంటే రాసిన భాగం, రాయని భాగం రెండు వేర్వేరు ఛాయల్లో కనిపిస్తాయి, మధ్యలో గుండ్రటి గీతలాగా హద్దు తెలుస్తుంది. సగం కూడా నిండని డిస్కు అంచులు మాత్రం విరిస్తే అసలు సమాచారం లోపల పదిలంగా మిగిలిపోతుంది.

మొదటి మెట్టు: ఏరడం, కాపీ తీసుకోవడం

డిస్కులను మూడు కుప్పలుగా వేయండి. ఒకసారే రాసేవి, అంటే పేరులో ఆర్ మాత్రమే ఉన్నవి, ఒక కుప్ప. చెరిపి మళ్లీ రాసుకునే ఆర్‌డబ్ల్యూ డిస్కులు ఇంకో కుప్ప. సినిమాలు, పాటలు, సాఫ్ట్‌వేర్ అచ్చువేసి అమ్మినవి మూడో కుప్ప. ఈ మూడోదానిలో మీ సమాచారం ఏదీ ఉండదు, దాని మీద సమయం పెట్టక్కర్లేదు.

తరవాత, ఉంచుకోవాల్సినవి కంప్యూటర్‌లోకి తీసుకోండి. మెడికల్ స్కాన్ సీడీ అయితే బొమ్మలు రెండు మూడు ఏరుకోవడం కాదు, డైకామ్‌డిర్ అనే ఫైలుతో సహా ఫోల్డర్లన్నీ ఉన్నవి ఉన్నట్టు కాపీ చేయాలి. రేపు డాక్టరు పాత స్కాన్‌తో పోల్చి చూడాలంటే ఆ మొత్తం ఉంటేనే వ్యూయర్‌లో సరిగ్గా తెరుచుకుంటుంది. కాపీ అయ్యాక డిస్కు బయటికి తీసేసి, హార్డ్ డిస్కులోని ఫైళ్లు నాలుగైదు తెరిచి చూడండి. డిస్కు లోపలే ఉండగా చూస్తే తెరుచుకున్నది కాపీయో, డిస్కులోని అసలు ఫైలో తెలియకుండా పోతుంది. ఒక డ్రైవులో చదవని పాత డిస్కు మరో డ్రైవులో చదవడం మామూలే. ఒక చోట రాలేదని ఆశ వదులుకోకండి. ముఖ్యంగా, అది చెడిపోయిందిలే అని ఊరికే పారేయకండి. మీ డ్రైవులో చదవనంత మాత్రాన ఇంకొకరి డ్రైవులోనూ చదవదని అనుకోవడానికి లేదు.

రెండో మెట్టు: ఆర్‌డబ్ల్యూ డిస్కులు చెరపడం

సీడీ-ఆర్, డీవీడీ-ఆర్ డిస్కులను చెరపలేం. వాటిలో ఫైలు డిలీట్ చేసినట్టు కనిపించినా, కొత్త సెషన్‌లో (అంటే కొత్తగా రాసిన విడతలో) ఆ పేరును జాబితాలోంచి తీసేయడమే జరుగుతుంది. పాత సెషన్ అలాగే ఉంటుంది, దాన్ని తెరిచి చూపించే సాఫ్ట్‌వేర్‌లు చాలా ఉన్నాయి.

ఆర్‌డబ్ల్యూలో రంగు పొర బదులు లేజర్ వేడికి స్థితి మార్చుకునే లోహమిశ్రమం ఉంటుంది కాబట్టి నిజంగానే చెరపొచ్చు. కానీ ఇమ్‌గ్‌బర్న్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో క్విక్ ఎరేజ్, ఫుల్ ఎరేజ్ అని రెండు ఆప్షన్లు కనిపిస్తాయి. క్విక్ అంటే డిస్కు మొదట్లో ఉండే విషయసూచిక మాత్రమే పోతుంది, ఒకటి రెండు నిమిషాల్లో ముగుస్తుంది. ఫైళ్లు కదలవు. ఫుల్ ఎంచుకోండి. 4ఎక్స్ వేగంతో 80 నిమిషాల సీడీకి సుమారు 20 నిమిషాలు, 2ఎక్స్ వేగంతో డీవీడీకి అరగంట దాకా పడుతుంది. రెండు నిమిషాల్లోనే అయిపోయిందంటే మీరు నొక్కింది క్విక్ అని అర్థం. ప్లస్ గుర్తున్న డీవీడీ+ఆర్‌డబ్ల్యూ డిస్కులకైతే నేరుగా పాతదాని మీదే రాసే వీలుంది. పనికిరాని వీడియో ఫైళ్లతో డిస్కు నిండేదాకా రాసేయడం తేలిక.

చెరిపిన తరవాత కూడా ముక్కలు చేయడం మంచిదే, కాకపోతే అంత సన్నగా అక్కర్లేదు.

ఎంత చిన్న ముక్కలు చేయాలి?

దీనికి కొలతలు ఉన్నాయి. 2012లో జర్మనీ తెచ్చిన డీఐఎన్ 66399 ప్రమాణాన్ని 2018లో ఐఎస్ఓ/ఐఈసీ 21964గా అంతర్జాతీయంగా తీసుకున్నారు. అందులో సీడీ, డీవీడీ లాంటి డిస్కులకు ‘ఓ’ (O) అనే ఇంగ్లిష్ అక్షరంతో ఏడు స్థాయులు ఉన్నాయి. ఒక్కో ముక్క ఓ-1లో 2000 చదరపు మి.మీ., ఓ-2లో 800, ఓ-3లో 160, ఓ-4లో 30, ఓ-5లో 10, ఓ-6లో 5, ఓ-7లో 0.2 మించకూడదు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2014లో సవరించిన 800-88 మార్గదర్శకం కూడా దాదాపు ఓ-7 అంత కఠినం: ముక్క 0.25 చదరపు మి.మీ. లోపు ఉండాలని చెప్పింది. అంటే ఇసుక రేణువంత. అది ప్రభుత్వ సంస్థల సంగతి, ఇంటి డిస్కులకు వర్తింపజేసుకుని బెంబేలెత్తనక్కర్లేదు.

మన లెక్క చూద్దాం. డిస్కు వైశాల్యం సుమారు 11,100 చదరపు మి.మీ. నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి 2,780 దాకా వస్తుంది, అన్నిటికన్నా కింది స్థాయి అయిన ఓ-1కి కూడా చాలదు. ఓ-3 రావాలంటే కనీసం 70 ముక్కలు, ఓ-4కి 370కి పైగా.

ముక్క సైజు ఒక్కటే అయినా అందులో మిగిలే సమాచారం డిస్కును బట్టి మారుతుంది. 160 చదరపు మి.మీ. ముక్కలో నిండు సీడీ అయితే సుమారు 13 ఎంబీ, డీవీడీ అయితే 85 ఎంబీ, 25 జీబీ బ్లూ-రే అయితే 450 ఎంబీ పడుతుంది. ట్రాకుల మధ్య దూరం సీడీలో 1.6 మైక్రాన్లు, డీవీడీలో 0.74, బ్లూ-రేలో 0.32 కావడం దీనికి ఒక ముఖ్య కారణం. అయితే విరిగిన ముక్కను ఏ డ్రైవూ తిప్పలేదు. దాన్ని చదవాలంటే మైక్రోస్కోపు కావాలి, ప్రయోగశాల కావాలి, అంతకు మించి ఓపిక కావాలి. అందుచేత మా సలహా ఇది: ఇంటి డిస్కులకు ఓ-3 చాలు. బ్యాంకు, ఆధార్, వైద్య రికార్డులు ఉన్నవాటికి ముక్కలు చేసే ముందు సమాచారపు పొరను కూడా తొలగించండి. చేత్తో 370 ముక్కలు కోయడం కన్నా అదే సులువు.

ష్రెడ్డర్‌తో చేస్తే

ష్రెడ్డర్ కొనేటప్పుడు డబ్బా మీద పీ-4 అని పెద్దగా రాసి ఉంటుంది. అది కాగితానికి సంబంధించిన స్థాయి. అదే మెషీన్ డిస్కుల విషయంలో ఓ-1 కావచ్చు, అది కూడా కాకపోవచ్చు. డిస్కులకు వేరే సందు ఉండే మామూలు ఇంటి ష్రెడ్డర్లు చాలావరకు డిస్కును మూడు నాలుగు పొడుగాటి పట్టీలుగా చీలుస్తాయి. 3 సెం.మీ. వెడల్పు పట్టీ అంటే 3,000 చదరపు మి.మీ.కు పైనే! కాబట్టి డిస్కులకు దాని ‘ఓ’ స్థాయి ఎంతో అడిగి తెలుసుకోండి. పట్టీలుగానే వస్తే వాటిని మళ్లీ రేకు కత్తెరతో అడ్డంగా కోయాల్సిందే.

వేసేటప్పుడు ఒక్కసారికి ఒకే డిస్కు, దానికి కేటాయించిన సందులోనే వేయాలి. కాగితం సందులో వేస్తే బ్లేడ్ల పళ్లు విరుగుతాయి. ముందు బుట్టలోని కాగితం ఖాళీ చేయండి, లేకపోతే ప్లాస్టిక్ ముక్కలు, కాగితం కలిసిపోయి రెండూ రీసైక్లింగ్‌కు పనికిరాకుండా పోతాయి. మోటారు వేడెక్కి ఆగితే ఆఫ్ చేసి వదిలేయండి, మాన్యువల్‌లో చెప్పినంత సేపు చల్లారనివ్వండి. బ్లేడ్లకు ష్రెడ్డర్ నూనె మాత్రమే వాడాలి. డబ్బాలో గ్యాసుతో వచ్చే స్ప్రే లూబ్రికెంట్లు కొడితే ఆ ఆవిరి మోటారు నిప్పురవ్వకు అంటుకునే ప్రమాదముంది.

చేత్తో చేస్తే

కావాల్సినవి: హార్డ్‌వేర్ షాపులో దొరికే రేకు కత్తెర, పేపర్ కట్టర్, వెడల్పాటి ప్యాకింగ్ టేపు, సర్జికల్ స్పిరిట్, దూది, మందపాటి గ్లవ్స్, కళ్లకు పక్కల కూడా మూసి ఉండే రక్షణ అద్దాలు. అద్దాలు తప్పనిసరి. పాలీకార్బొనేట్ వంగి వంగి ఒక్కసారిగా ఫట్‌మని పగిలినప్పుడు సూదుల్లాంటి పెచ్చులు ఎగురుతాయి. అందుకే చేత్తో మడిచి విరవొద్దు. కాళ్ల కింద పాత దుప్పటి పరిచి, డిస్కును పెద్ద పాలిథిన్ కవరు లోపల పెట్టి కోస్తే పెచ్చులు గది నిండా చిందవు.

*సీడీ-ఆర్*

1. లేబుల్ వైపు పైకి పెట్టి, పేపర్ కట్టర్‌తో సెంటీమీటరు ఎడంగా అడ్డగీతలు, నిలువుగీతలు గీయండి. లోహపు పూత తెగితే చాలు, లోతుగా దిగనక్కర్లేదు.
2. ప్యాకింగ్ టేపు గట్టిగా అంటించి, వేలిగోరుతో రుద్ది, ఒక్క ఊపున లాగండి. వెండి పూత రేకులు రేకులుగా టేపుకు అంటుకుని వచ్చేస్తుంది. రాని చోట మళ్లీ అంటించి లాగాలి. నాణ్యమైన డిస్కులకు నాలుగైదు సార్లు పట్టొచ్చు.
3. ఇప్పుడు చేతిలో మిగిలేది లేత ఆకుపచ్చగానో నీలంగానో ఉండే పారదర్శక పళ్లెం. ఆ రంగే సమాచారం రాసిన పొర, చాలామంది ఇక్కడే ఆపేస్తారు. దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిస్తే రంగు దూదికి దిగుతుంది. దూదికి రంగు అంటడం ఆగేదాకా తుడవాలి. వంటింట్లో, స్టౌ దగ్గర ఈ పని వద్దు, స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది.
4. పళ్లేన్ని మధ్య చిల్లు మీదుగా సగానికి కోసి, ఒక్కో సగాన్ని 1 సెం.మీ. వెడల్పు పట్టీలుగా, పట్టీని 1.5 సెం.మీ. ముక్కలుగా కోయండి. ఒక్కో ముక్క 150 చదరపు మి.మీ., అంటే ఓ-3 లోపలే. చిల్లు చుట్టూ ఉండే 4.6 సెం.మీ. వ్యాసపు భాగంలో ఫైళ్లేమీ ఉండవు, దాన్ని అలాగే వదిలేయొచ్చు.
5. టేపుకు అంటిన వెండి రేకులను ఉండచుట్టి, ముక్కలతో కలపకుండా వేరే కవరులో వేయండి.

*డీవీడీ-ఆర్*

లేబుల్ జోలికి వెళ్లకుండా ముందే నాలుగు భాగాలుగా కోయండి. కోసిన అంచును పక్కనుంచి చూస్తే నడుమ సన్నటి గీత కనిపిస్తుంది, రెండు పళ్లేలు అతుక్కున్న చోటు అదే. డిస్కును బల్ల మీద ఆనించి, బ్లేడు మొనను చేతికి ఎదురుగా కాకుండా అవతలి వైపుకు ఉండేలా ఆ గీతలో దూర్చి కాస్త తిప్పితే పొరలు విచ్చుకుంటాయి. మామూలుగా ఒక వైపు వెండి పూత, ఇంకో వైపు ఊదారంగు మిగులుతాయి. ఊదా పొరను స్పిరిట్‌తో తుడిచేసి, రెండిటినీ కోయాలి. విడిగా ఉన్న 0.6 మి.మీ. పళ్లెం మామూలు కత్తెరకే తెగుతుంది కాబట్టి ఇంకా సన్నగా కోయడమూ తేలికే.

*ఆర్‌డబ్ల్యూ, బ్లూ-రే, ఎం-డిస్క్*

ఎం-డిస్క్ అంటే చాలాకాలం నిలిచేలా తయారుచేసిన, ఒకసారే రాసే డిస్కు. ఈ మూడు రకాల్లో చాలావాటికి స్పిరిట్‌తో కరిగే రంగు పొర ఉండదు. ఆర్‌డబ్ల్యూకి చెరపడమే ప్రధానం. బ్లూ-రేను మెరిసే వైపు ముతక గరుకు కాగితంతో గుండ్రంగా రుద్ది పొర పోగొట్టి, ఆపై కోయండి. కాగితాన్ని తడిపి రుద్దితే దుమ్ము లేవదు, అయినా ముక్కుకు ఎన్95 మాస్కు పెట్టుకోండి. సీడీకి లేబుల్ వైపు ఇలాగే చేయొచ్చు. డీవీడీకి మాత్రం ఈ రుద్దుడు వృథా శ్రమ.

చేయకూడనివి

మైక్రోవేవ్ ఓవెన్‌లో పెడితే మెరుపులు మెరిసి వెండి పూత బీటలు వారుతుంది. చూడ్డానికి బావుంటుందని ఇంటర్నెట్‌లో వీడియోలు తిరుగుతుంటాయి. బీటల మధ్య పూత దీవుల్లాగా మిగులుతుంది, ఓవెన్ పాడవుతుంది, అన్నం వేడి చేసుకునే చోట ప్లాస్టిక్ పొగ పడుతుంది. మంటలో వేసినా పొగే సమస్య. పైగా బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో అయితే 25,000 జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే ఆదేశించింది. మరిగే నీళ్లలో వేసినా లాభం లేదు, పాలీకార్బొనేట్ మెత్తబడేది సుమారు 147 డిగ్రీల దగ్గర. డ్రిల్లుతో చిల్లులు పొడిస్తే చిల్లు పడిన చోటే పోతుంది, మిగతాది అలాగే ఉంటుంది.

ఎండలో పెట్టడాన్నీ నమ్ముకోలేం. కొన్ని సీడీ-ఆర్‌ల రంగు ఎండకు త్వరగా వెలిసిపోతుంది, ఇంకో రకం రంగు నెలల తరబడి నిలుస్తుంది, ఆర్‌డబ్ల్యూ పొరకూ ఎం-డిస్క్‌కూ ఎండ పెద్దగా పట్టదు. మీ దగ్గరున్నది ఏ రకమో పైకి చూసి తేల్చడం కష్టం.

వందల్లో ఉంటే

క్లినిక్కులు, ఆడిటర్ ఆఫీసులు, ఫొటో స్టూడియోల దగ్గర పాత డిస్కులు పెట్టెల కొద్దీ ఉంటాయి, వాటిలో ఉన్నది ఖాతాదారుల సమాచారం. దాన్ని డిజిటల్ రూపంలో దగ్గర పెట్టుకున్న సంస్థలు అవసరం తీరాక తొలగించాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. చేత్తో కోసే పని కాదు కనుక డేటా ధ్వంసం చేసే సంస్థకు ఇవ్వాలి. ఒప్పుకునే ముందు నాలుగు ప్రశ్నలు వేయండి: డిస్కులకు మీ మెషీన్ ‘ఓ’ స్థాయి ఎంత? హార్డ్ డిస్కుల మెషీన్‌లోనే డిస్కులూ వేస్తారా? మా ఆవరణలోనే, మా కళ్లముందే చేస్తారా? ధ్రువపత్రంలో డిస్కుల సంఖ్య, తేదీ, పద్ధతి, ముక్క సైజు రాసిస్తారా? హార్డ్ డిస్కులకు హెచ్ స్థాయులు వేరు. ఆ మెషీన్‌లోంచి డిస్కులు పెద్ద పెద్ద ముక్కలుగానే బయటపడొచ్చు. సీలు వేసిన పెట్టె ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో సంతకాలతో రాసిపెట్టుకోండి.

ముక్కలు, కవర్లు, మిగిలినవి

డిస్కు కవరులోని కాగితం మీద, డిస్కు మీద మార్కర్‌తో రాసిన పేర్లు మర్చిపోకండి. స్కానింగ్ సెంటర్ అంటించిన స్టిక్కర్ మీద పేరు, ఫోన్ నంబరు రెండూ ఉండొచ్చు. ముక్కలు కోసే ముందే దాన్ని చింపేయాలి. నాలుగైదు డిస్కుల ముక్కలు కలిపేసి, రెండు మూడు మందపాటి కవర్లలోకి పంచి, మూతి గట్టిగా కట్టి, వేర్వేరు వారాల్లో పొడి చెత్తలో వేయండి. పదునైన ముక్కలున్నాయని కవరు మీద రాస్తే చెత్త ఏరే వారి చేతులు కోసుకుపోవు. నేల మీద రాలిన వెండి పొట్టును చీపురుతో ఊడిస్తే లేచి పడుతుంది, తడిగుడ్డతో అద్దండి.

చేలల్లో పిట్టల్ని బెదిరించడానికీ, మేడ మీది కూరగాయల తోటలోనూ పాత సీడీలు వేలాడదీయడం మన దగ్గర అలవాటే. దానికి మూడో కుప్పలోని సినిమా, పాటల డిస్కులు వాడుకోండి. అచ్చువేసిన సీడీ, డీవీడీ మెరిసే వైపు మామూలుగా తెల్లటి వెండిలా, కొన్ని డీవీడీలైతే లేత బంగారు ఛాయలో ఉంటాయి. ఇంట్లోనో షాపులోనో రాసినదానిలో ఆకుపచ్చో, నీలమో, ఊదానో తొంగి చూస్తుంది, ఆర్‌డబ్ల్యూ అయితే ముదురు బూడిద రంగులో ఉంటుంది. అనుమానం వస్తే డ్రైవులో పెట్టి డిస్కు రకం చూడండి, ఇమ్‌గ్‌బర్న్ తెర మీద కుడివైపే చూపిస్తుంది.